పదికి ఎంత నొప్పి?

"సున్నా నుంచి పది దాకా మీ నొప్పికి ఎంత వేస్తారు?" అని అడిగితే డోన్ నుంచి వచ్చిన ఒక కిరాణా వ్యాపారి నా చేతిలో పెన్ను వైపు చూసి, "మీరే వేయండి మేడం, పాసయ్యేట్టు చూడండి సాలు" అన్నాడు. ఇంకొకామె "పన్నెండు" అంది. పదికి మించి లేదమ్మా అంటే, "మీ తాన లేకుంటే నేనేం సేయాల? నాకైతే పన్నెండుండాది" అని తేల్చేసింది. ఆ పూటకు ఆమెకు పన్నెండే రాసుకున్నాను. తర్వాత మా సారు చేత చీవాట్లు తిన్నాను.

నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. బద్వేలు దగ్గర సేద్యగాళ్ల ఇంట్లో పుట్టాను. మా ఊళ్లో నన్ను 'కాళ్ల డాక్టరమ్మ' అంటారు. మా చిన్నాయన మాత్రం "అంత సదువూ సదివి కాళ్లు పిసికే పనా పాపా?" అని ఈనాటికీ నా మీద జాలిపడుతూనే ఉంటాడు. ఉద్యోగం ఎక్కువకాలం కర్నూల్లో, ఆఖరున కడపలో. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నన్ను అడిగేది వ్యాయామాల గురించి, మిషన్ల గురించి. అవి పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకంలో దొరకనిది, మనిషిని నొప్పి గురించి ఎలా అడగాలి అనేది. అది నేను ఎలా నేర్చుకున్నానో చెబుతాను.

మనోహర్ సారు

కర్నూల్లో నేను పనిచేసిన ఆసుపత్రిలో వారానికొక రోజు నొప్పి క్లినిక్ ఉండేది. నడిపేది మత్తు డాక్టర్లు. ఆపరేషన్ బల్ల దగ్గర మనిషిని నిద్రపుచ్చే డాక్టరుకు, మెలకువగా ఉన్నవాడి నొప్పితో ఏం పని అని చాలామంది అడుగుతారు. నొప్పి ఎలా పుడుతుందో, ఎలా ఆపాలో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆ విభాగం పెద్ద డాక్టర్ మనోహర్. కృష్ణా వైపు మనిషి. గొంతు పెద్దది, కోపం చిన్నది. ఆయన రోగితో "ఎలా ఉందండీ?" అంటే రోగి నా వైపు తిరిగి "ఏమంటాండాడు మేడం సారు?" అనేవాడు. అలా నేను ఫిజియోథెరపీతో పాటు దుబాసీ పని కూడా చేసేదాన్ని.

ఒకరోజు సారు నన్ను పిలిచి, "జ్వరానికి థర్మామీటర్ ఉంది, బీపీకి పట్టీ ఉంది. నొప్పికి రోగి నోరు తప్ప మరేం లేదు. ఆ నోటిని ఏ ప్రశ్న అడిగితే నిజం వస్తుందో మనం తేల్చాలమ్మా సుజాతా" అన్నారు.

అప్పటికి లోకంలో వాడుకలో ఉన్న పద్ధతులు ఐదు ఏరుకున్నాం. మొదటిది సున్నా నుంచి పది అంకె. రెండోది ఒక అడ్డగీత. ఈ కొస నొప్పి లేదు, ఆ కొస భరించలేనంత, రోగి తన చోట గుర్తు పెట్టాలి. మూడోది నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం దాకా బొమ్మలు. నాలుగోది నొప్పి ఎలాంటిదో చెప్పే మాటల జాబితా. ఐదోది నొప్పి వల్ల ఏ పనులు చేయలేకపోతున్నారో అడిగే ప్రశ్నలు. ఒకే రోగికి ఐదూ ఇచ్చి, మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ ఇచ్చి, ఏది దేనితో కలుస్తుందో, ఏది కలవదో చూడాలి. గట్టి నియమం ఒకటి పెట్టారు సారు: జవాబు రోగే చెప్పాలి. పక్కనున్న మొగుడు, పెళ్లాం, అత్త, కొడుకు అందరూ వరండాలోకి పోవాలి.

ఆ నియమం నాకు చాలా నచ్చింది. మన దగ్గర కోడలి నడుం నొప్పి ఎంతో అత్త చెబుతుంది. పెద్దాయన మోకాలు సంగతి కొడుకు చెబుతాడు. నొప్పి ఉన్న మనిషి మధ్యలో కూర్చుని, ఎవరి గురించో మాట్లాడుతున్నట్టు వింటూ ఉంటారు.

గీత మీద వెన్నెముక

మొదటి నెల మాకు బాగా నవ్వులాట అయింది.

గీత చూపించి "మీ నొప్పి ఎక్కడుందో గుర్తు పెట్టండి" అన్నాను. పత్తికొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కాగితాన్ని నిలువుగా తిప్పుకుని, కింది నుంచి కాస్త పైన జాగ్రత్తగా చుక్క పెట్టి, "ఈడ మేడం, సరిగ్గా ఈడ" అన్నాడు. ఆయన ఆ గీతను తన వెన్నెముక అనుకున్నాడు. నేను అడిగిన మాటకు ఆయన చేసింది న్యాయమే. 'ఎక్కడుందో' అనకుండా 'ఎంతుందో' అనాలని ఆయన వల్ల తెలిసింది.

బొమ్మలతో ఇంకో తంటా. ఒక రైతు నడవలేక గోడ పట్టుకుని వచ్చి, నవ్వే ముఖం మీద వేలు పెట్టాడు. అదేందప్పా అంటే, "మరి మగోన్ని ఏడ్సే బొమ్మ మింద ఏలు పెట్టమంటారా? వరండాలో మా ఊరోళ్లుండారు" అన్నాడు. చిన్నపిల్లలకు మాత్రం బొమ్మలను మించింది లేదు. పిల్లలు సిగ్గుపడరు.

మాటల జాబితాను సారు తనకు తెలిసిన ఒక పండితుడి చేత తెలుగు చేయించారు. 'దహించునట్టి నొప్పి', 'ఛేదించునట్టి నొప్పి', 'కొరుకునట్టి నొప్పి' అంటూ వచ్చింది. చదివి వినిపిస్తే ఒక ముసలమ్మ గాబరాపడి, "నన్నేదీ కరసలేదు తల్లీ, సూదులేమీ ఎయ్యొద్దు" అని లేచి నిలబడింది. ఆ కాగితం పక్కన పెట్టేసి, రోగులు వాళ్లంతట వాళ్లు అనే మాటలే రాసుకోవడం మొదలుపెట్టాం. సలుపుతాది, గుంజుతాది, పోటు పొడుస్తాది, కాళ్లు తీపులు, జివ్వుమంటాది, చీమలు పారినట్టుంటాది, మిరపకాయ నూరి పూసినట్టుంటాది. మన జాబితా తయారైంది. చీమలు, మిరపకాయ అన్నవాళ్లకు చాలాసార్లు నరం దెబ్బతిని ఉండేది. నొప్పి ఎంత అన్నది ఆ జాబితా సరిగా చెప్పలేదు కానీ, ఎలాంటిదో బాగా చెప్పేది.

పనుల ప్రశ్నలు విదేశాల్లో తయారైనవి. మేజోళ్లు వేసుకోగలరా? కార్లో గంటసేపు కూర్చోగలరా? మా రోగుల్లో మేజోళ్లు ఉన్నవాళ్లు ఎవరు? వాటిని తీసేసి కింద కూర్చుని అన్నం తినగలరా, సంగటి కెలకగలరా, నీళ్ల బిందె ఎత్తగలరా, బస్సులో సీటు దొరక్కపోతే నిలబడి రాగలరా అని మార్చాను. సంగటి ప్రశ్న చూసి సారు, "అదంత కష్టమా?" అన్నారు. మరుసటి రోజు మా ఇంటికి భోజనానికి పిలిచి, రాగిసంగటి గిన్నె ముందు నిలబెట్టి తెడ్డు చేతికిచ్చాను. రెండు తిప్పులు తిప్పేసరికి భుజం పట్టుకున్నారు. ఆ ప్రశ్న ఖాయమైంది.

రెండు అన్న రాజు

ఇప్పుడు హనుమంతప్ప సంగతి.

ఆలూరు వైపు పల్లె నుంచి భార్య ఈరమ్మతో వచ్చాడు. వేరుశనగ సేద్యం. యాభై దాటిన మనిషి, కోరమీసాలు, గది నిండిపోయే గొంతు. ఊళ్లో పౌరాణిక నాటకాలు కడతారనీ, ఎప్పుడూ తనదే రాజు వేషమనీ కూర్చోకముందే చెప్పాడు. కొన్ని నెలలుగా నడుం నొప్పి. ఈరమ్మ ఏదో చెప్పబోతే, నియమం ప్రకారం ఆమెను వరండాలో కూర్చోమన్నాను. పోతూ పోతూ ఆమె, "ఆయప్ప మాట నమ్మితే మీరు సెడిపోతారు మేడం" అంది.

"నొప్పి పదికి ఎంత హనుమంతప్పా?"

కళ్లు మూసుకుని నిజంగానే ఆలోచించాడు. "రెండు."

గీత మీద గుర్తు మొదట్లోనే పెట్టాడు. బొమ్మల్లో దాదాపు నవ్వుతున్న ముఖం చూపించాడు. పనుల ప్రశ్నలకు వచ్చేసరికి వరస తిరగబడింది. కింద కూర్చోగలవా? లేదు, నిలబడే తింటాండా. వంగి చెంబు తీసుకోగలవా? లేదు. పక్క మీద ఇటు నుంచి అటు తిరగగలవా? "ఆయమ్మ తిప్పుతాది." రెండో రాకలోనూ అంకె రెండే. పనులు మాత్రం ఇంకా తగ్గిపోయాయి.

మా అధ్యయనంలో ఐదు కొలతలూ ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయో లెక్క కట్టేవాళ్లు. లెక్కలు చూసే ఆయన హనుమంతప్ప వరస చూపించి, ఈ ఒక్క మనిషి వల్ల కొలతల పొత్తు చెడిపోతోందన్నాడు. సారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ప్రశ్న అర్థం కాని కేసు. తీసేయండి" అన్నారు.

"అర్థమైందో లేదో ఆయన్నే అడుగుదాం సార్" అన్నాను.

"అడిగితే మనం నేర్పినట్టవుతుంది. తర్వాత ఆయన మన కోసం జవాబు చెబుతాడు. అది కొలత కాదు."

ఆయన మాటలో పస ఉంది, ఇప్పటికీ ఒప్పుకుంటాను. కానీ నేను ఆ మనిషి నిలబడే తీరు చూశాను. నిటారుగా, కదిలితే ఏదో ఒలికిపోతుందన్నట్టు నిలబడేవాడు. "నొప్పి గురించి అడగను సార్. పది అంటే ఏమనుకుంటున్నాడో అడుగుతా, అంతే."

"సరే. నా ముందర అడుగు."

మూడోసారి వచ్చినప్పుడు సారును పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. "హనుమంతప్పా, నువ్వు రెండంటావు గదా. మరి పది అంటే ఏంది?"

"మీరే సెప్తిరి గదా మేడం. మనం ఊహించుకోగలిగినంత పెద్ద నొప్పి అని."

"అవును. ఆ నొప్పి ఏంది?"

హనుమంతప్ప గొంతు సవరించుకున్నాడు. "నాటకంలో నేను ఆఖరి రంగంలో యుద్ధభూమిలో పడిపోతా మేడం. ఒంటినిండా బాణాలు, పక్కన కొడుకు శవం, నీళ్లిచ్చేటోడు లేడు. అట్ల పడుకోని పద్యం అందుకుంటే జనం యాడుస్తారు. ఆ రాజుకుండే నొప్పి పది. ఆ లెక్కన నా నడుమెంత? రెండు గూడా ఎక్కువే. మీరు మళ్లా తక్కువ సెప్పినాడు అనుకుంటారని రెండేసినా."

సారు పెద్దగా నవ్వేశారు. నేనూ ఆపుకోలేకపోయాను. హనుమంతప్ప కూడా మాతో పాటు నవ్వబోయి, నవ్వు మధ్యలో ఊపిరి బిగబట్టి బల్ల అంచు పట్టుకున్నాడు. సారు నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆయన లేచి హనుమంతప్ప చొక్కా ఎత్తి, వెన్ను మీద పిడికిలితో మెల్లగా తట్టుకుంటూ కిందికి వచ్చారు. ఒకచోట హనుమంతప్ప నోరు తెరవలేదు కానీ కాలివేళ్లు ముడుచుకున్నాయి. మడమల మీద నడవమన్నారు. కుడి పాదం ముందుభాగం పైకి లేవలేదు. సారు నా వైపు చూసి, "ఆవిణ్ణి లోపలికి పిలు" అన్నారు. నియమం పెట్టిన మనిషే తీసేశారు.

ఈరమ్మ వచ్చి, అడగడమే ఆలస్యం అన్నట్టు అందుకుంది. "సాయంత్రమైతే ఒళ్లు కాలుతాది సారూ. పంచె నడుం మింద నిలబడ్డం లే, అంత సన్నబడినాడు. సెప్పబ్బా అంటే రాజుకు జొరమేంది అంటాడు."

ఆ రోజే స్కాన్ తీయించాం. వెన్నుపూసలో టీబీ. పూస పక్కన చీము చేరి నరాన్ని ఒత్తుతోంది. ఇంకొంతకాలం పోయుంటే రెండు కాళ్లూ పడిపోయేవని సర్జన్ చెప్పాడు. చీము తీశారు. నడుముకు పట్టీ కట్టారు. టీబీ మాత్రలు సంవత్సరం పైగా మింగాలన్నారు.

హనుమంతప్పకు ఒకటే దిగులు. "మళ్లా వేషం కట్టొచ్చా సారూ?"

"కట్టొచ్చు. అయితే యుద్ధంలో పడిపోవడానికి వీల్లేదు. నిలబడి చచ్చిపోవాలి" అన్నారు మనోహర్ సారు.

ఏది మంచి కొలత?

ఈ మాట నన్ను ఇప్పటికీ అడుగుతారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను.

ఆపరేషన్ అయిన మనిషికి పొద్దుటికీ సాయంత్రానికీ తేడా తెలియాలంటే అంకె చాలు. తొందరగా అయిపోతుంది, పడుకున్న మనిషి కూడా చెప్పగలడు. కానీ ఒకరి అంకెను ఇంకొకరి అంకె పక్కన పెట్టి, వీడి నొప్పి ఎక్కువ, వాడిది తక్కువ అనకండి. హనుమంతప్ప చెప్పే రెండు, ఎర్రగుంట్ల సిమెంటు లారీ నడిపే ఒక డ్రైవరు చెప్పే రెండు, మీరు చెప్పే రెండు వేరువేరు. ఆయన నిన్న చెప్పిన అంకెను ఆయనే ఇవాళ చెప్పే అంకెతో మాత్రమే పోల్చాలి. అంకె అడిగే ముందు ఆయన పది ఏమిటో ఒక్కసారి అడగండి. దానికి పట్టే కాలం టీ తాగినంత కూడా కాదు. గీత నాకు ఎప్పుడూ పెద్దగా పనికిరాలేదు; చదువుకున్నవాళ్లకు బాగుంటుందేమో. నెలల తరబడి నొప్పితో బతికేవాళ్లకు పనుల ప్రశ్నలు మేలు. అయితే ఆ పనులు వాళ్ల ఇంట్లో ఉండేవి కావాలి. కాగితం మీద రెండు కొలతలు గొడవపడుతుంటే సంతోషించండి, రోగిని తిట్టకండి. అక్కడ చూడవలసింది ఏదో ఉంది.

మా అధ్యయనంలో హనుమంతప్ప పేరు తీసేయలేదు. పొత్తు చెడితే చెడనీ అన్నారు సారు. ఆయన్ను ఒక్కణ్ణే విడిగా తీసుకుని ఒక పేజీ రాశారు. మిగిలిన పేజీలు ఎవరూ చదవలేదు, ఆ పేజీ చాలామంది చదివారు.

మారిన పది

మాత్రలు అయిపోయాక హనుమంతప్ప మళ్లీ క్లినిక్‌కు వచ్చాడు. ఒళ్లు చేసింది, మీసాలకు నూనె పట్టింది, బస్సులో నిలబడే వచ్చానని గొప్పగా చెప్పాడు. పాదం లేస్తోంది. కింద కూర్చుని లేచి చూపించాడు. పనుల ప్రశ్నలన్నీ అయినాక అంకె అడిగాను.

"మూడు" అన్నాడు.

మనోహర్ సారు కుర్చీలో ముందుకు జరిగారు. "అదేంటండీ! మంచం మీద తిరగలేని రోజున రెండన్నారు. ఇప్పుడు గుంజీళ్లు తీస్తూ మూడా?"

"పది మారిపాయ సారూ" అన్నాడు హనుమంతప్ప తాపీగా. "అప్పుడు నాకు రాజు నొప్పి పెద్దది. చీము తీసినంక ఆసుపత్రిలో పడుకోనుంటి గదా, అప్పుడు తెలిసొచ్చె. బాణాలు పొడిసినోడు పద్యం పాడలేడు సారూ. అసలు నోరే లేయదు. నేనేసింది ఉత్త వేషం. పది అంటే ఆ మంచం మింద నాకొచ్చిందే. ఇప్పుడు దాంతో కొలిస్తే మూడు. అప్పట్ల నేను సెప్పిన రెండుండాది గదా, దాన్ని తొమ్మిది చేసుకోండి."

సారు తల పట్టుకున్నారు. "వెనక్కి వెళ్లి నా పట్టికలన్నీ దిద్దమంటారా?"

"మీ ఇష్టం సారూ. నేనైతే నిజం సెప్పినా. అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే."

ఆ తర్వాత సారు ఎన్ని సభల్లో మాట్లాడినా ఈ మాట చెప్పకుండా దిగేవారు కాదు. కొలబద్ద రోగి లోపలే ఉంటుంది, రోగితో పాటు అదీ పెరుగుతుంది, తగ్గుతుంది అని.

ఆ పూట పని అయిపోయిందనుకుని కాగితాలు సర్దుతున్నాను. ఈరమ్మ మొగుడి సంచి ఎత్తబోయి, కుడిచెయ్యి సగంలో ఆపి, ఎడమచేత్తో అందుకుంది. సంవత్సరం పైగా ఆ మనిషిని పక్క మీద తిప్పింది, లేపింది, కూర్చోబెట్టింది ఆ చెయ్యే. ఇన్నిసార్లు వచ్చినా ఆమెను మేం ఎప్పుడూ ఆయన గురించే అడిగాం.

"ఈరమ్మక్కా, కాస్త కూర్చో" అని రోగి కుర్చీ చూపించాను.

"నేనెందుకు మేడం? నాకేముండాది?" అంటూనే కూర్చుంది. హనుమంతప్పను వరండాలోకి పొమ్మన్నాను. రాజుగారు మొదటిసారి గుమ్మం అవతల కూర్చున్నారు.

పనుల కాగితం తీశాను. సంగటి కెలకగలవా? కెలకతా. బిందె? ఎత్తతా. కలుపు తీయగలవా? తీస్తాండా గదా. మూటలు, బట్టలు, పొయ్యి. అన్నిటికీ చేస్తా, చేస్తా. కాగితం ప్రకారం ఈ కర్నూలు జిల్లాలో ఆమెను మించిన ఆరోగ్యవంతురాలు లేదు. నేను ఎంతో ప్రేమగా మార్చుకున్న ప్రశ్నలు అవి. చేయగలవా అని అడిగాను, చేసేటప్పుడు ఏమవుతుందని అడగనేలేదు. చేయకుంటే ఇల్లు గడవని మనిషి చేయగలననే చెబుతుంది కదా.

కాగితం బల్ల మీద బోర్లించాను. "అక్కా, నొప్పి లేకుండా నువ్వు చేసే పని ఒకటి చెప్పు."

ఈరమ్మ నా ముఖంలోకి చూసింది. తర్వాత కిటికీలోకి చూసింది. ఒక వేలు మడిచింది, తల అడ్డంగా ఊపి మళ్లీ తెరిచింది. ఇంకోటి మడిచింది, అదీ తెరిచింది. వరండాలో హనుమంతప్ప ఎవరికో పద్యం వినిపిస్తున్నాడు. చాలాసేపటికి ఆమె ముఖం విప్పారింది, కష్టమైన లెక్కకు జవాబు దొరికినట్టు.

"ఇదే మేడం" అంది. "ఇట్ల కుర్చీలో కూసోని మీతో మాట్లాడేది."

మనోహర్ సారు లేచి తన కుర్చీలోని దిండు తీసుకొచ్చి ఆమె వీపు వెనక పెట్టారు.

"అయితే ఇంకాసేపు కూర్చోండమ్మా" అన్నారు. "మాకూ పనేం లేదు."